మీరు గోల్కొండ చూడరు

చివరి బెంచీలో ఖాళీ ఉంది, వచ్చి కూచోండి. ఏడో తరగతి పిల్లల మోకాళ్ల కొలతకు చేసిన బెంచీలు ఇవి, పెద్దవాళ్లు కాస్త పక్కకు ఒరగాల్సి వస్తుంది. ఉప్పల్ అవతల ఒక సర్కారు హైస్కూలు. డిసెంబరు నెల, శనివారం సాయంత్రం, బడి విడిచి అరగంటైంది. వరండాలో పీఈటీ సార్ వాలీబాల్ నెట్టు చుట్టిపెడుతున్నాడు. గదిలో ఆరుగురున్నారు, అందరూ పిల్లల ఇంటివాళ్లే.

మొదటి బెంచీలో టిఫిన్ బండి అక్క. తెల్లవారుజామునే పొయ్యి ముట్టించే మనిషి, ఆవులింత కనపడకుండా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పక్కన బ్లౌజులు కుట్టే టైలరక్క. వెనక బెంచీలో సర్కారు దవాఖానలో పనిచేసే ఆయమ్మ. ఖాకీ చొక్కా మీదే వచ్చేసిన ఆటో అన్న, గోళ్లల్లో తెల్ల రంగు వదలని పెయింటర్ అన్న. కిటికీ పక్కన ఒక నాయనమ్మ. కొడుకూ కోడలూ ఇద్దరికీ సెలవు దొరకలేదు. మనవరాలే "మా నాయనమ్మ వస్తది" అని టీచర్‌కి మాటిచ్చేసి, ఆ తర్వాత నాయనమ్మకు చెప్పింది.

సోషల్ టీచర్ బోర్డు తుడిచి, కొంగు నడుముకు దోపుకుంది.

"ముందే చెప్తున్నా. మంగళవారం మీరు గోల్కొండ చూడరు."

ఆటో అన్న నవ్వాడు. "అదేంది మేడం, తీస్కపోయేదే అందుకు గదా?"

"పిల్లల్ని తీసుకుపోయేది అందుకు. మిమ్మల్ని తీసుకుపోయేది పిల్లల్ని చూడటానికి. మీ కళ్లు కోట మీద ఉన్నాయంటే వీపు పిల్లల వైపు ఉన్నట్టే."

నవ్వు ఆగింది. టీచర్ కూడా మాట మెత్తబరచలేదు. ఎవరైనా ఒకసారి మొహమాటం లేకుండా చెప్పాల్సిన మాటే అది. 2009 విద్యాహక్కు చట్టం బడి యాజమాన్య కమిటీలో ముప్పాతిక మంది తల్లిదండ్రులే ఉండాలంది, మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు ఉండాలంది. కమిటీలైతే ఏర్పడ్డాయి. చాలాచోట్ల సభ్యులకు తెలిసిన పని మాత్రం రిజిస్టరులో సంతకం ఒక్కటే. ట్రిప్పు పొద్దున బస్సు దగ్గర "అక్కా, కాస్త పిల్లల్ని చూస్కోండి" అని గాల్లోకి ఒక మాట విసురుతారు. ఏ పిల్లల్ని? ఎందర్ని? ఎక్కడిదాకా? అది ఎవరూ చెప్పరు, అడిగితే బాగుండదని ఎవరూ అడగరు. ఈ టీచర్ ఆ మూడింటికీ జవాబు చీటీల మీద రాసుకొచ్చింది.

చీటీలు పంచుతోంది, చూడండి. నలభైమంది పిల్లలు, నాలుగు గ్రూపులు. ఒక్కో చీటీలో పది పేర్లు, పేరు పక్కన నంబరు. టిఫిన్ అక్క తన చీటీ పైనుంచి కిందికి చదివింది, మళ్లీ కిందినుంచి పైకి చదివింది.

"మా వోని పేరు లేదు మేడం."

"లేదు. పెయింటర్ అన్న గ్రూపులో ఉన్నాడు."

"నా కొడుకు నాకాడ లేకుంటే నేనెందుకు వచ్చుడు?"

ఈ మాట వస్తుందని టీచర్‌కి ముందే తెలుసు. తగువు పడలేదు, ఒకటే అడిగింది. "మెట్ల మీద మీవాడూ ఇంకో పిల్లా ఒక్కసారే జారారనుకోండి. మీ చెయ్యి ఎటు పోతుంది?" అక్క ఏమీ అనలేదు. టైలరక్క ఆమె తరఫున జవాబు చెప్పింది: "పోయేదెటో అందరికీ ఎర్కే." ఎవరి బిడ్డా వాళ్ల గ్రూపులోనే ఉండకుండా చీటీలు అలా కలిపి రాసింది టీచర్. దీనివల్ల ఇంకో లాభం కూడా ఉంది, ఆమె పైకి చెప్పలేదు గాని: అమ్మ పక్కనుంటే పిల్లాడు క్లాసు పిల్లాడిగా ఉండడు. నీళ్లు తాగు, స్వెటర్ వేసుకో, అటెందుకు పోతున్నావ్ అనే మాటల మధ్య కోట వాడి కంటికి ఆనదు.

ఆటో అన్నకు చీటీ ఇవ్వలేదు. ఆయన పని తోక. అందరికంటే వెనక నడవాలి, ఆయనకు వెనక ఒక్క పిల్ల కూడా ఉండకూడదు. "రోజంతా అద్దంల ఎనక చూసుడే గదా నా పని" అన్నాడు. నాయనమ్మకు మోకాళ్ల నొప్పులు, ఎక్కలేదు. ఆమె కింద గేటు దగ్గర, అందరికీ కనపడేచోట, సంచులతో కూచుంటుంది. ఎవరైనా ఎక్కలేకపోతే ఆమె దగ్గర దింపాలి.

ఇప్పుడు లెక్క.

లెక్కపెట్టడం పెద్దవాళ్లకు నేర్పాలా అనిపిస్తుంది. ఆరుగురికీ నంబర్లు ఇచ్చింది టీచర్. పెయింటర్ అన్నను బోర్డు దగ్గర నిలబెట్టింది. ఆయన కాగితం చూసి పిలుస్తుంటే వాళ్లు పలకాలి. ఒకటి, రెండు, మూడు, నాలుగు... సరిపోయింది. రెండోసారి పిలవబోయే ముందు టైలరక్కకు సైగ చేసింది. ఆమె చెప్పులు చేత్తో పట్టుకుని వరండాలోకి జారుకుంది. ఆయన కళ్లు కాగితం మీదే ఉన్నాయి. "నాలుగు" అని పిలిస్తే ఆయమ్మ గొంతు సన్నం చేసి "నాలుగు" అంది.

"అందరున్నరు మేడం."

"బిడ్డా, గా పిల్ల బయట నిలబడ్డది జూడు" అంది నాయనమ్మ.

గది గొల్లుమంది. పెయింటర్ అన్న కూడా తల గోక్కుంటూ నవ్వేశాడు. స్నేహితుడి తరఫున "ప్రెజెంట్ సార్" అనని వాళ్లెవరు మనలో? గొంతును లెక్కపెట్టొద్దు, మొహాన్ని లెక్కపెట్టండి అని మూడుసార్లు చెప్పింది టీచర్. పిల్ల తన నంబరు తనే చెప్పాలి, చెబుతున్నప్పుడు మీరు ఆ పిల్ల మొహం చూడాలి, ఆ తర్వాతే పక్క నంబరు. బస్సెక్కాక, దిగాక, గేటు దాటాక, బాత్రూమ్ నుంచి వచ్చాక, చీకటి గదిలోంచి బయటపడ్డాక, పైకెక్కాక, అన్నానికి కూచున్నాక, మళ్లీ బస్సులో. తక్కువొస్తే?

"ఎతుకుతం" అంది టిఫిన్ అక్క.

"వెతకరు. మీరు వెతకడానికి పోతే మిగతా తొమ్మిదిమందిని ఎవరు చూడాలి? తొమ్మిదిమందినీ పక్క గ్రూపుకు అప్పజెప్పండి. నాకు ఫోన్ చేయండి. నేనో సారో వెతుకుతాం. పిల్లలకు కూడా చెప్పా, దారి తప్పినోళ్లు తిరగొద్దు, ఉన్నచోటే నిలబడాలని. ఇద్దరూ తిరిగితే ఒకరికొకరు దొరకరు."

తర్వాత ఇబ్బందికరమైన సంగతి. ఆడపిల్లలు బాత్రూముకు ఇద్దరిద్దరుగా పోవాలి, వెంట ఆడవాళ్లే పోవాలి, తలుపు బయటే నిలబడాలి. ఆడైనా మగైనా ఏ పెద్దవాళ్లూ ఒక్క పిల్లతోగాని పిల్లాడితోగాని మరుగున ఒంటరిగా ఉండకూడదు. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం 2012లోనే వచ్చింది. ఈ నియమం మీ మీద అనుమానంతో చెప్పేది కాదు, పిల్లలకెంత అవసరమో మీకూ అంతే అవసరం అంది. ప్యాడ్లు నీలం సంచిలో ఉంటాయనీ, ఏడో తరగతిలో కొందరికి అదే మొదటిసారి కావచ్చనీ చెబుతుంటే ఆటో అన్న కిటికీలోంచి వేపచెట్టును చూడటం మొదలెట్టాడు. "అన్నా, మీరూ వినాలి. పిల్ల ముందు మీకే చెప్పొచ్చు. అప్పుడు మీరు మేడం అని కేకేస్తే ఆ పిల్ల మళ్లీ బడికి రాదు. నీలం సంచి ఎక్కడుందో చూపిస్తే చాలు." ఆయన చెట్టు మీంచి చూపు తిప్పి తలూపాడు.

మందుల సంగతికొచ్చేసరికి పాఠం టీచర్ చేతిలోంచి ఆయమ్మ చేతిలోకి పోయింది. క్లాసులో ఒక పిల్లాడికి ఫిట్స్ ఉన్నాయి. మాత్రలు వాడుతున్నాడు, చాలాకాలంగా రాలేదు, వస్తే ఏం చేయాలో మాత్రం ఆరుగురికీ తెలియాలి. ఆయమ్మ అడక్కుండానే లేచి పెయింటర్ అన్నను నేలమీద పడుకోమంది. చుట్టూ ఉన్న బెంచీలు కాలితో జరిపింది. చేతులు పట్టి అదమకుండా కొట్టుకోనిచ్చింది. కుదుపు తగ్గిందనగానే భుజమూ తుంటీ పట్టుకుని పక్కకు తిప్పింది, నోట్లో నురగుంటే బయటికి పోవాలని. "టైం చూడాలె. ఐదు నిమిషాలు దాటితే 108. నోట్లె చెంచా పెట్టొద్దు, నీళ్లు పొయ్యొద్దు, చేతిల తాళాలు పెట్టొద్దు."

"మా ఊర్ల ఇనుమే పెడ్తరు, పెట్టంగనే ఆగుతది" అంది నాయనమ్మ.

"పెట్టకున్నా ఆగుతది పెద్దమ్మా. చానాసార్లు దానంతటదే ఆగుతది. తాళాలు చేతిలున్నయి గనక తాళాలతోని ఆగిందనుకుంటం."

ఇంతకంటే శుభ్రంగా ఈ సంగతి చెప్పినవాళ్లను నేను చూడలేదు.

టైలరక్క సంచిలోంచి ఓ డ్రింకు డబ్బా తీసింది, పిల్లలు నీరసపడితే పనికొస్తుందని కొన్నదట. టీచర్ దాన్ని బల్లమీద పెట్టి, పక్కన సర్కారు దవాఖాన ఓఆర్ఎస్ ప్యాకెట్ పెట్టింది. లీటరు నీళ్లకు గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు: ప్యాకెట్ వెనక రాసుంది. డబ్బాలో ఉన్నది మాత్రం చక్కెర నీళ్లు. ఇలాంటి డ్రింకుల మీద ఓఆర్ఎస్ పేరు ఉండొద్దని హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి కొట్లాడారు. చివరికి 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ మాట వాడటం కుదరదని ఆదేశాలిచ్చింది. ప్యాకెట్ మొత్తం లీటరు సీసాలో కలపాలి, చిటికెడు చిటికెడు గ్లాసులో వేయొద్దు. అంతే. టైలరక్క డబ్బా మళ్లీ సంచిలో వేసుకుంది, ఇంట్లో తాగేస్తామంది.

బయట మసకబడుతోంది. ఆఖరున టీచర్ ఒక తేదీ చెప్పింది. 2014 జూన్ 8. హిమాచల్‌లో బియాస్ నది, పైన లార్జి డ్యామ్ నుంచి వదిలిన నీళ్లు. హైదరాబాద్ నుంచి టూరుకు పోయిన ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది చనిపోయారు. "వాళ్లు పెద్దపిల్లలు, ఈత వచ్చినవాళ్లూ ఉండుంటారు. మనది నది కాదు, కోటే. కాని పైన గోడలు కొన్నిచోట్ల నడుము దాకా కూడా రావు. సెల్ఫీ తీస్తా జరగండి అని ఏ పెద్దమనిషీ పిల్లల్ని వెనక్కి జరపొద్దు. మీ ఫోన్‌లో ఫొటోలు అసలే వద్దు, వాట్సాప్ స్టేటస్‌లో పక్కవాళ్ల పిల్లలు అంతకన్నా వద్దు."

అంతటితో లేచారు. టైలరక్క ఒక్కతే ఆగి, బ్లౌజు ముక్కలు మిగిలినవి ఉన్నాయి, నాలుగు రంగుల్లో చేతికి కట్టే పట్టీలు కుట్టుకొస్తా అంది. చీటీల్లో లేని పని అది.

మంగళవారం పొద్దున టిఫిన్ అక్క వెనకే బస్సెక్కండి. ఈ రోజంతా ఆమె వెనకే ఉందాం. బండి చెల్లెలికి అప్పజెప్పి వచ్చింది. వాంతులయ్యే పిల్లలు ముందు సీట్లలో, ఒళ్లో కవర్లతో. టైరు మీది సీట్లు ఎవరికీ ఇష్టం లేదు గాని ఎవరో ఒకరు కూచోవాలి. అంబర్‌పేట దాటకముందే అంత్యాక్షరి మొదలైంది, మెహదీపట్నం వచ్చేసరికి గొంతులు పోయాయి. లంగర్‌హౌజ్ దాటాక ఫతే దర్వాజా దగ్గర బండ్లన్నీ ఒకదాని వెనక ఒకటి నిలబడ్డాయి. ఎనిమిది నెలలు ముట్టడించి 1687లో ఔరంగజేబు సైన్యం లోపలికి జొరబడింది ఈ వైపునుంచే. టీచర్ ఆ కథ బస్సులో చెప్పలేదు. ఒక ప్రశ్న మాత్రం ఇచ్చింది: "ఏనుగుతో తలుపు గుద్దిద్దామని శత్రువు వచ్చాడు. కోటవాళ్లు ఏం ఏర్పాటు చేసుంటారు? కళ్లతో వెతకండి."

గేటు దగ్గర పీఈటీ సార్ పెద్దవాళ్ల మట్టుకే టికెట్లు తీసుకున్నాడు, పదిహేనేళ్లలోపు పిల్లలకు టికెట్ లేదు. టిఫిన్ అక్క తన పదిమందినీ గోడవార నిలబెట్టి మొహాలు చూసుకుంది. పది. చేతులకు నారింజ రంగు పట్టీలు. బాలాహిస్సార్ దర్వాజా ముందు, తలుపుకు ఎదురుగా, దారికి అడ్డంగా ఓ గోడ ఉంది. పిల్లలు దాన్ని చుట్టి నడిచి తలుపు దగ్గరికొచ్చారు. తలుపు మీద ఇనుప మొనలు. ఒక పిల్లాడు మొనను వేలితో తాకి "ఇది గుచ్చుకుంటది ఏనుగుకు" అన్నాడు. అంతవరకు సరే. మరి ఆ గోడెందుకు?

అక్కకు జవాబు తట్టింది. మొహంలో తెలుస్తోంది చూడండి, పెదవి కదిలింది కూడా. జవాబు చెప్పొద్దు, ఇంకో ప్రశ్న వేయండి అని చీటీ వెనక రాసుంది. ఆమె మింగేసి, కాసేపాగి, "ఆంబోతు గుద్దాలంటే ముందేం చేస్తది?" అని అడిగింది. పిల్లలు ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు. "ఎనక్కి పోయి ఉర్కొస్తది!" అని అరిచింది ఒకమ్మాయి. ఆ అమ్మాయే ఒక్క గెంతులో వెనక్కి తిరిగి గోడను చూసింది. ఏనుగు పరుగెత్తి రావడానికి జాగా లేదు. సోషల్ పుస్తకంలో ఈ పేజీని ఇక ఆ పిల్ల బట్టీ పట్టక్కర్లేదు.

లోపల గుమ్మటం కింద అందరూ చప్పట్లు కొట్టేవాళ్లే. ఇక్కడ కొడితే పైన బాలాహిస్సార్ దాకా వినపడుతుందని ప్రతి గైడూ చెబుతాడు. చిక్కేమిటంటే, పొద్దుననుంచి సాయంత్రందాకా వందలమంది కొడుతుంటే పైన విన్న చప్పుడు మనవాళ్లదేనని ఎట్లా తెలుసుకోవడం? నాయనమ్మే ఉపాయం చెప్పింది. "నేను మూడు గొట్టి ఆగి, రెండు గొడ్త. గట్ల ఎవరు గొడ్తరు?" సంచుల మధ్య గద్దెలాంటి రాయి చూసుకుని ఆమె కూచుంది. ఫోన్ చేస్తే లేచి గుమ్మటం కిందికి రావాలి.

మెట్లు మొదలయ్యాయి. 360 అంటారు, ఎవరు లెక్కపెట్టినా ఒక్కటి అటూ ఇటూ వస్తుంది. ఒక్కోటి ఒక్కో ఎత్తు, అరిగిపోయి నున్నగా ఉన్నాయి. చివర్న ఆటో అన్న రెండు చేతులూ చాచి నడుస్తున్నాడు, ఎవరూ తనను దాటి వెనక్కి పోకుండా. దారిలో గోడ పగిలినచోట లోపలి మట్టి గొట్టాలు బయటపడ్డాయి. పీఈటీ సార్ అక్కడ ఆగాడు. ఒక్కో గొట్టం మూతి సన్నగా, తోక వెడల్పుగా, ఒకదాంట్లో ఒకటి దూర్చి అతికారు, చుట్టూ సున్నం. కింది బావుల్లోంచి మోటలూ చక్రాలూ పెట్టి ఒక్కో తొట్టికీ నీళ్లు తోడి పైకి ఎక్కించేవాళ్లు. ఆ తొట్టెల నుంచి ఈ గొట్టాల్లో మహళ్లకు పారేవి. టిఫిన్ అక్క గొట్టం అంచు మీద బొటనవేలు పెట్టి చూసింది. వీధి కుళాయి నుంచి రెండో అంతస్తుకు బిందెలు మోసే మనిషి. రెండు క్షణాలు ఆ గోడనే చూస్తూ ఉండిపోయింది, తర్వాత చటుక్కున పిల్లల వైపు తిరిగింది.

రామదాసు చెరసాల దగ్గర చెప్పులు విప్పారు. రామదాసుగా పేరుపడ్డ తహసీల్దారు కంచెర్ల గోపన్నను గోల్కొండ సుల్తాను తానీషా బంధించిన గది. లోపల వెలుతురు తక్కువ. గోడమీద చెక్కిన బొమ్మలు కళ్లు అలవాటు పడితేగాని కనపడవు. రెండు గ్రూపులు ఒకేసారి లోపలికి పోయాయి. ఒక గ్రూపు వచ్చేదాకా ఇంకోటి ఆగాలని చీటీలో ఉంది, కాని వెనకనుంచి వేరే బడి పిల్లలు తోస్తున్నారు. పెయింటర్ అన్న గ్రూపు ముందు బయటికొచ్చి, లెక్క చూసుకుని, పైకి సాగిపోయింది. ఇప్పుడు టిఫిన్ అక్క తనవాళ్లను నిలబెట్టింది.

"ఒకటి." "రెండు." "మూడు." "నాలుగు." "ఐదు." "ఆరు."

ఏడు లేదు.

"ఏడు?" అంది అక్క. లోపలికి తొంగిచూసింది, ఖాళీ. అక్క చెయ్యి కొంగు మీద బిగుసుకుంది. పేరు పెట్టి అరవాలనుంది, మెట్లెక్కి ఉరకాలనుంది. అరవలేదు, ఉరకలేదు. మిగతా తొమ్మిదిమందినీ గోడకు ఆనించి, టైలరక్కతో "నా తొమ్మిదిమందిని నీకాడ పెట్టుకో" అని, ఫోన్ తీసింది. టీచర్ పైన ఉంది. పీఈటీ సార్ గొట్టాల దాకా కిందికి దిగాడు. ఆటో అన్న తనను దాటి ఎవరూ వెనక్కి పోలేదని ఒట్టేసి చెబుతున్నాడు. పైనున్న గ్రూపులను అడిగితే ఆయమ్మ "నాకు పదిమంది", పెయింటర్ అన్న "నాకూ పదే, అందరున్నరు". వెనకా లేదు, ముందూ లేదు. పక్కన గోడ, గోడ అవతల లోయ. అక్క అటు చూడలేదు. మీరూ చూడకండి.

టీచర్ గొంతు ఫోన్‌లో వినపడింది, పెయింటర్ అన్నతో అంటోంది: "పది దగ్గర ఆగకన్నా. పది తర్వాత ఇంకెవరన్నా నిలబడ్డారేమో చూడు."

కాసేపు ఏమీ లేదు.

"ఒక పిల్ల ఎక్కువుంది మేడం."

బొమ్మలు చూస్తూ స్నేహితురాలి చెయ్యి పట్టుకుని ఆ పిల్ల పెయింటర్ అన్న గ్రూపుతో నడిచిపోయింది. ఆయన ఒకటి నుంచి పదిదాకా మొహాలు చూస్తూ లెక్కపెట్టాడు, పాఠం తప్పలేదు. పది రాగానే ఆపేశాడు. వరస చివర నిలబడ్డ పదకొండో పిల్లను ఎవరూ పిలవలేదు, పిలవని పిల్ల ఎందుకు పలుకుతుంది? రంగు చూసైనా తెలియాలి కదా, అందులోనూ పెయింటర్‌కి! డిసెంబరు చలి, స్వెటర్ చేతులు పట్టీల మీదికి దిగిపోయాయి. తక్కువొస్తే ఏం చేయాలో శనివారం అంతసేపు చెప్పుకున్నారు. ఎక్కువొస్తే అన్న ఊహే ఎవరికీ రాలేదు, టీచర్‌తో సహా.

అక్క పైకి వచ్చాక ఆ పిల్లను కోప్పడలేదు. పట్టీ విప్పి స్వెటర్ మీదుగా కట్టింది, చెప్పకుండానే మిగతావాళ్లు కూడా చేతులు చాపారు.

పైన బారాదరి దగ్గర గాలి జోరుగా ఉంది. ఊరంతా కనపడుతోంది, కుతుబ్‌షాహీ సమాధుల గుమ్మటాలు కూడా. పిల్లలు గోడకు మూడడుగుల దూరంలో కూచున్నారు, పెద్దవాళ్లు గోడకూ పిల్లలకూ మధ్య నిలబడ్డారు, వీపులు ఊరి వైపు. టీచర్ ఫోన్ చేసింది. "నాయనమ్మా, ఇప్పుడు కొట్టు." నలభైమంది నోళ్లు మూసుకున్నారు. కిందినుంచి ఎవరెవరివో చప్పట్లు, ఒకదానిమీద ఒకటి. తర్వాత సన్నగా, పొడిగా: మూడు. ఆగింది. రెండు.

మనవరాలు లేచి నిలబడి అరిచింది, కిందికి వినపడదని తెలిసి కూడా.

అన్నాల దగ్గర గొడవలేమీ లేవు, చెప్పుకునేంత విశేషమూ లేదు. గేటు బయట ఐస్‌క్రీమ్ బండి దగ్గర మాత్రం ఒకటి జరిగింది. పిల్లలు యాభై రూపాయలకు మించి తేవొద్దని, పెద్దవాళ్లు ఎవరికీ కొనిపెట్టొద్దని నియమం. టిఫిన్ అక్క కొడుకు వచ్చి "అమ్మా, పైసలైపోయినయి" అన్నాడు. చుట్టూ ఆమె పదిమంది, అందులో ఇద్దరు పొద్దుననుంచి జేబులో చెయ్యే పెట్టనివాళ్లు. "మీ అన్ననడుగు పో" అంది పెయింటర్ వైపు చూపించి. వాడు ఆమెను కొత్తమనిషిని చూసినట్టు చూసి వెళ్లిపోయాడు. నియమం కఠినమే. కాని జేబులో ఏమీ లేని పిల్ల ఎదురుగా నిలబడి చూస్తున్నప్పుడు ఇంకే నియమమూ న్యాయం కాదు.

సాయంత్రం బడి గేటు దగ్గర ఒక్కో పిల్లనూ ఇంటివాళ్లకు అప్పజెప్పి సంతకం తీసుకున్నారు. "ఇల్లు పక్కనే, నేనే పోతా" అన్న ఇద్దరిని కూడా ఆపి ఇంటికి ఫోన్ చేశారు. తర్వాత అదే ఏడో తరగతి గదిలో, టీ గ్లాసులు చేతుల్లో పట్టుకుని, ఏం కుదరలేదో ఒక్కొక్కరూ చెప్పారు. నీళ్ల సీసాలు మోయలేకపోయాం. బాత్రూముకు నాలుగు గ్రూపులూ ఒక్కసారే పోయి వరస పెరిగింది. చీటీ అక్షరాలు చిన్నవి, నాయనమ్మకు ఆనలేదు. వేరే బడివాళ్లు తోసినా సరే, చీకటి గదిలోకి ఒక గ్రూపే పోవాలి. పెయింటర్ అన్న తన వంతు వచ్చినప్పుడు గ్లాసు కింద పెట్టాడు. "ఎక్కువొచ్చినా చెప్పాలె మేడం. అది రాయున్రి." టీచర్ రాసింది, దానికింద పట్టీలు స్వెటర్ మీద అని కూడా రాసింది.

"ఇగ తర్వాత ఏడికి?" అంది నాయనమ్మ.

"ఆరో తరగతివాళ్లను జూకు తీసుకుపోదామని. సోమవారం జూకు సెలవు, మంగళవారమే పెట్టాలి. వాళ్లు ఇంకా చిన్నపిల్లలు, పదిమందికొకరు చాలరు, ఎనిమిదిమందికొకరు కావాలి. అంటే ఇంకా మనుషులు కావాలి."

"మా బస్తీల నలుగురు తల్లులున్నరు, నేను తోల్కొస్త" అంది టైలరక్క. "కాని మేడం, శనివారం క్లాసు మాత్రం ఆరింటికి పెట్టున్రి. నాలుగున్నరకు మిషను ఇడిచిపెట్టి వచ్చుడు కాదు."